డెబ్బై రెండు మీద నిలబడ్డ కారు

వాహనాలకు ఫిట్‌నెస్ కాగితాలిచ్చే మా జిల్లా ఆఫీసులో ఆ ఏడాది ఎండాకాలం నుంచి మనుషుల కళ్ళు రద్దయ్యాయి.

ఊరికే రద్దు చేయలేదు. అంతకుముందు ఇన్‌స్పెక్టర్లు బండి చుట్టూ తిరిగి చూసేవారు. పొద్దున డొక్కుగా కనపడిన బండి, మధ్యాహ్నం అదే మనిషికి కొత్త పెళ్ళికూతురిలా కనపడేది. పైవాళ్ళు విచారణ జరిపించారు. తప్పు మనుషులది కాదు, కళ్ళదని తేలింది. వెంటనే సర్క్యులర్ వచ్చింది. దాన్ని పసుపు రంగు బోర్డు మీద రాయించి గేటు పక్కనే నిలబెట్టారు.

"వాహనపు స్థితిని వాహనపు మీటరే తెలియజేయును. మీటరు చెప్పినదే ప్రమాణము. తనిఖీ సమయమున సిబ్బంది తమ నేత్రములను మీటరు చదువుటకు తప్ప ఇతర ప్రయోజనములకు వినియోగించరాదు."

నేను తొమ్మిదో తరగతి సగంలో ఆపేసినదాన్ని. పెద్ద పెద్ద మాటలు కూడబలుక్కుని చదువుతాను. అయినా బోర్డు చదవగానే అర్థమయింది. మనుషుల్ని నమ్మటం కంటే మీటరును నమ్మటం మంచిదే కదా అనుకున్నాను కూడా.

నిజంగానే పనులు చకచకా జరుగుతున్నాయి. మేం వెళ్ళిన రోజు మా ముందున్న లారీకి బ్రేకులు లేవు. డ్రైవరు దాన్ని గోడకు ఆనించి ఆపాడు. కానీ మీటరులో బ్రేకు దీపం వెలగలేదు, కాబట్టి బ్రేకులు బాగున్నాయి. దాని వెనక జీపుకి ఎడమ తలుపే లేదు. తలుపు తెరిచి ఉందన్న గుర్తు వెలగలేదు, కాబట్టి తలుపు మూసి ఉంది. గేటు బయట నాలుగు దుకాణాలు వెలిశాయి. మీటరు విప్పి, వెలగకూడని బల్బులు పీకి పెట్టడమే వాటి పని. ఒకడైతే "దీపాలార్పు నిపుణుడు" అని బోర్డు కూడా కట్టుకున్నాడు.

మా ఆయన ఏడుకొండలు కారు బాడుగకు తోలతాడు. పదేళ్ళ పాత కారు. దాని ఫిట్‌నెస్ గడువు సరిగ్గా ఆ గురువారంతో అయిపోతోంది. గురువారమే మా హంసికకు పట్టీ మార్చే రోజు.

హంసికకు అప్పటికి మూడో నెల. పుట్టుకతోనే రెండు పాదాలూ లోపలికి తిరిగి ఉన్నాయి. పట్నంలో పాదాల డాక్టరమ్మ వారం వారం పాదాన్ని కాస్త కాస్త బయటికి తిప్పి, తొడదాకా సిమెంటు పట్టీ వేస్తుంది. నాలుగు పట్టీలయ్యాయి, ఇంకా రెండున్నాయి. "ఒక్క వారం తప్పినా పాదం మళ్ళీ మొదటికొస్తుందమ్మా" అని ఆమె ప్రతిసారీ చెప్పేది. నేను ప్రతిసారీ కొత్తగా భయపడేదాన్ని. రెండో వారం ఆటోలో తీసుకెళ్తే ఆ కుదుపులకు పట్టీ పగిలి, మళ్ళీ మొదటినుంచి వేయాల్సి వచ్చింది. అప్పటినుంచీ కారు తప్ప వేరే బండి ఎక్కలేదు. డాక్టరమ్మ గురువారం ఒంటిగంట వరకే చూస్తుంది. ఆసుపత్రి ఈ ఆఫీసుకు ముప్ఫై కిలోమీటర్లు. దారిలో అరగంట ఆగి కాగితం తీసుకుని పోదామన్నాడు మా ఆయన. తొమ్మిదీ పదికి గేటులోకి వచ్చాం. వాచ్‌మన్ పుస్తకంలో "కారు ఒకటి, అందులో మనుషులు ముగ్గురు" అని రాసుకుని లోపలికి వదిలాడు.

ఇన్‌స్పెక్టరు పరంజ్యోతిగారు నిజాయితీ గల మనిషి. కారు పొరపాటున కంట పడుతుందేమోనని ఫైలు చెంపకు అడ్డం పెట్టుకుని వచ్చారు. గుమాస్తా శరభయ్య ఆయన్ను మోచెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. ఆయన కిటికీలోంచి తల దూర్చి, ఫైలు తీసి, మీటరు వంక చూశారు.

"డెబ్బై రెండు," అన్నారు.

"రాశాను సార్," అన్నాడు శరభయ్య.

"వాహనము ప్రయాణములో ఉన్నది. ప్రయాణములో ఉన్న వాహనమును తనిఖీ చేయుటకు నిబంధనలు అంగీకరించవు. ఆగిన పిమ్మట తీసుకుని రావలెను."

నేను కూడా వంగి చూశాను. వేగం చూపే ముల్లు డెబ్బై రెండు మీద బిగుసుకుపోయి ఉంది. మా ఆయన తాళంచెవి పైకెత్తి ఊపాడు.

"ఆగే ఉంది సార్! ఇంజను కట్టేసి పావుగంటయింది. చక్రం కింద రాయి కూడా పెట్టా."

"ఆ రాయి మీకు కనపడుచున్నదా?"

"కనపడతానే ఉంది గదా సార్."

"అదియే సమస్య. మీరు కళ్ళు వాడుచున్నారు."

"పోనీ చక్రం మీద చెయ్యేసి చూడండి సార్, తిరగట్లేదు" అన్నాను.

పరంజ్యోతిగారు జాలిగా నవ్వారు. "అమ్మా, స్పర్శ విషయమున సర్క్యులర్ మౌనము వహించినది. మౌనము అనుమతి కానేరదు."

ఆయన వెళ్ళబోతూ ఆగారు. ఏదో గుర్తొచ్చినట్టుంది. "శరభయ్యా, ఆవరణలో గరిష్ఠ వేగమెంత?"

"పది సార్."

"డెబ్బై రెండు చాలా అతివేగము. నోటీసు ఇవ్వండి. చోదకుడు ఎక్కడ?"

"ఈడే ఉన్నా సార్," అన్నాడు మా ఆయన.

"అనగా చోదకస్థానము ఖాళీ!" పరంజ్యోతిగారు కారుకు దూరంగా జరిగారు. "డెబ్బై రెండు కిలోమీటర్ల వేగముతో పోవుచున్న వాహనమును వదిలి, దాని పక్కనే నిలబడి, అధికారితో సంభాషించుట! నా సర్వీసులో ఇట్టి నిర్లక్ష్యమును చూడలేదు."

శరభయ్య నియమాల పుస్తకమంతా వెతికాడు. ఆ నేరానికి సెక్షన్ దొరకలేదు. కొత్త సెక్షన్ మంజూరు చేయమని పైకి రాసుకుంటానన్నాడు.

పదయింది. పదింబావయింది. హంసిక పాలు తాగి నిద్రపోయింది. దాని తెల్లటి పట్టీలు నా మోచేతి మీద రాళ్ళలా బరువుగా ఉన్నాయి. కారును వాళ్ళకు వదిలేసి, ఏదో ఒక బండి పట్టుకుని, ఒళ్ళో దిండు వేసుకునైనా పోదామనుకుని గేటు దగ్గరికి నడిచాను. వాచ్‌మన్ పుస్తకం అడ్డం పెట్టాడు.

"ముగ్గురూ కారులో వచ్చారని రాశానమ్మా. కారులోనే పోవాల. లేదా కారు దిగినట్టు కాగితం పట్రా."

కాగితం కోసం శరభయ్య దగ్గరికి వెళ్ళాను. అతను నా వంక భయంగా చూశాడు.

"డెబ్బై రెండు మీద పోయే కారులోంచి చంటిబిడ్డను పట్టుకుని దిగావని ఎట్టా రాసేదమ్మా? నీ మీదే కేసవుద్ది. బిడ్డ ప్రాణానికి లెక్కలేదా నీకు?"

ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది. బిడ్డ సంగతి ఎవరేమన్నా నాకు నిజంగానే నా తప్పనిపిస్తుంది. ఒక్క క్షణం, దిగకుండా ఉండాల్సిందేమో అనుకున్నాను కూడా.

ఇంతలో శరభయ్యకు మరో అనుమానమొచ్చింది. గంటంబావు నుంచి కారు ఆ వేగాన పోతోంది కాబట్టి తొంభై కిలోమీటర్లు దాటి ఉంటుందనీ, అంటే మన జిల్లాలో లేదనీ, ఫైలు పక్క జిల్లాకు పంపేస్తే పీడా పోతుందనీ పరంజ్యోతిగారి చెవిలో చెప్పాడు. పరంజ్యోతిగారి ముఖం వెలిగింది. మా ఆయన కంగారుగా పరుగెత్తుకొచ్చాడు.

"సార్ సార్! తిరిగిన కిలోమీటర్ల అంకె కూడా మీటర్లోనే ఉంది. పొద్దున ఎంతుందో ఇప్పుడూ అంతే!"

ముగ్గురూ వెళ్ళి చూసుకున్నారు. అంకె మారలేదు.

"అనగా," అన్నారు పరంజ్యోతిగారు చాలాసేపు ఆలోచించి, "వాహనము అడుగు ముందుకు వేయకనే డెబ్బై రెండు మీద పోవుచున్నది. ఎక్కడికీ పోలేదు. మన ఆవరణలోనే ఉన్నది. భగవంతుడా!"

గేటుకు ఎదురుగా షెడ్డున్న మెకానిక్ మస్తాన్ వలికి మా ఆయన ఫోన్ చేశాడు. మస్తాన్ అరచేతిలో పట్టే చిన్న పరికరమొకటి తెచ్చాడు. స్టీరింగు కిందున్న ప్లగ్గుకు దాన్ని తగిలించబోతుంటే పరంజ్యోతిగారు ఆపారు.

"ప్రయాణములో ఉన్న వాహనమునకు మరమ్మతు నిషిద్ధము."

మస్తాన్‌కు ఈ ఆఫీసు భాష అలవాటే. "మరమ్మతు కాదు సార్. మీటరు పలకట్లేదు. పలకరించి చూస్తా, అంతే."

"అనగా సంప్రదింపులు?"

"అదే సార్. సంప్రదింపులే."

"సంప్రదింపులకు అభ్యంతరము లేదు. ప్రభుత్వము ఎల్లప్పుడూ సంప్రదింపులకు సిద్ధము."

పరికరం అద్దం మీద అంకెలు వచ్చాయి. మస్తాన్ నా వైపు తిరిగి, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. నా ముఖం చూసి జాలిపడినట్టుంది.

"చూడు చెల్లెమ్మా. బండిలో ఇంజనుకో డబ్బా, బ్రేకులకో డబ్బా, మీటరుకో డబ్బా ఉంటాయి. అన్నీ మెలేసిన రెండు తీగల మీదే మాట్లాడుకుంటాయి. చక్రాలు ఆగినయ్ అని బ్రేకు డబ్బా అరుస్తానే ఉంది. మీటరుకే వినపడట్లా. పొద్దున మీరొస్తా ఉంటే హైవే మీద ఆఖరుగా విన్న మాట డెబ్బై రెండు. దాన్నే పట్టుకుని కూర్చుంది."

"తీగ తెగిందా అన్నా?"

"చూద్దాం." బ్యాటరీ తీగ ఊడదీసి, ఆ రెండు తీగల మధ్యా ఇంకో చిన్న మీటరు పెట్టాడు. "అరవై ఓములు రావాల. నూట ఇరవై చూపిస్తాంది. రెండు చివర్లా కరెంటుకు అడ్డం పడే కట్టు చెరొకటి ఉండాల్సిన చోట ఒక చివరే ఉందన్నమాట. మీటరు వైపు చివర ఊడింది."

మీటరు చుట్టూ ఉన్న చట్రం విప్పి, వెనక నుంచి ప్లగ్గు బయటికి లాగాడు. అద్దం అంచు నుంచి వాననీళ్ళు కారి ఒక పిన్ను పచ్చగా చిలుము పట్టి ఉంది. మస్తాన్ దాన్ని గోటితో గీకి, గుడ్డతో తుడిచి, ప్లగ్గును టక్కున నొక్కాడు. బ్యాటరీ తగిలించాడు.

"సంప్రదింపులు అయిపోయినయ్ సార్," అన్నాడు.

మా ఆయన తాళం తిప్పాడు. ముల్లు డెబ్బై రెండు నుంచి గిర్రున తిరిగి సున్నా మీద పడింది. మీటరులోని దీపాలన్నీ ఒక్కసారి భగ్గున వెలిగాయి. తాళం తిప్పగానే ఏ కారులోనైనా అన్నీ అలా వెలిగి, మూడు క్షణాల్లో ఆరిపోతాయి. ఆ మూడు క్షణాల్లోనే పరంజ్యోతిగారు తల దూర్చి చూశారు.

నేను గోడ గడియారం వంక చూశాను. పదకొండూ నలభై. ఇప్పుడు కాగితం చేతిలో పెడితే అందుకోవచ్చు. "ఆగింది కదా సార్!" అన్నాను సంతోషంగా.

పరంజ్యోతిగారు తల బయటికి తీశారు. ముఖం పాలిపోయి ఉంది.

"ఆగలేదమ్మా," అన్నారు మెల్లగా. "గుద్దుకున్నది."

"ఏందీ?"

"డెబ్బై రెండు నుండి సున్నాకు ఒక్క క్షణము! బ్రేకు వేసిన వాహనము ఇట్లు ఆగదు. బ్రేకు, ఇంజను, చమురు, ప్రమాదపు గాలిసంచి... సమస్త దీపములు ఏకకాలమున వెలిగినవి. ఇది ఘోర ప్రమాదము. శరభయ్యా, సమయము వేయండి. ఢీకొన్నది దేనిని?"

శరభయ్య అటూ ఇటూ చూడబోయి, నిబంధన గుర్తొచ్చి కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "కారు ముందు మన ప్రహరీగోడ ఉండాలి సార్."

"ప్రహరీగోడ కూలినది. పునర్నిర్మాణమునకు ప్రతిపాదనలు సిద్ధము చేయండి."

శరభయ్య రాయడానికి ఆనుకోను ఏమీ లేక, కాగితం ఆ గోడకే ఆనించి, గోడ పూర్తిగా కూలినట్టు రాశాడు.

"వాహనము?"

"నుజ్జునుజ్జు సార్."

"తుక్కు కింద నమోదు చేయండి. క్షతగాత్రులు?"

అప్పుడు హంసిక లేచింది. లేవగానే, ఎప్పట్లాగే, రెండు పట్టీలనూ టకటకా కొట్టుకుంది. శరభయ్య ఆ చప్పుడు విన్నాడు. విన్నదానికి సర్క్యులర్‌లో అభ్యంతరమేమీ లేదు. అతను కిందికి చూశాడు.

"సార్! పిల్లకు రెండు కాళ్ళూ... తొడదాకా సిమెంటు పట్టీలు!"

పరంజ్యోతిగారు చేతులు జోడించినంత పని చేశారు. "ప్రమాదము జరిగి రెండు నిమిషములు. అప్పుడే పట్టీలు వేయబడినవా? మన శాఖల మధ్య సమన్వయము ఈ స్థాయికి చేరినదా! ఇది రాయండి, తప్పక రాయండి. క్షతగాత్రులను ఆసుపత్రికి తక్షణమే తరలించవలెను. అంబులెన్సు పిలవండి!"

మా ఆయన ముందుకు దూకాడు. "సార్, అవి దెబ్బలు గావు! పుట్టుకతో..."

నేను అతని చొక్కా పట్టుకుని లాగాను. ఎందుకు లాగానో లాగాకగానీ నాకే తెలియలేదు. పక్కకు తీసుకుపోయి చెప్పాను.

"అంబులెన్సంట. పడుకోబెట్టి తీసుకుపోతారు. కుదుపుండదు."

"పిచ్చి పట్టిందా కుమారీ? ప్రమాదమని సంతకం పెడితే కారు తుక్కే. రేపటినుంచి ఏం తోలను? నన్ను జైల్లో ఏసినా ఏస్తారు."

శరభయ్య దగ్గరికి వెళ్ళి, డ్రైవరును ఏం చేస్తారని అడిగాను. అతను కాగితం తిరగేశాడు.

"ఏం చేస్తారమ్మా? ప్రమాదం జరిగినప్పుడు డ్రైవరు సీట్లో లేడని పొద్దున నోటీసులోనే రాశాం గదా. సీట్లో లేనివాడు ఎట్టా గుద్దుతాడు? అతనికి సంబంధం లేదు."

మా ఆయన కారు వంక చూశాడు. పదేళ్ళుగా రోజూ తుడుచుకున్న కారు. ఒక్క గీత కూడా లేకుండా ఎండలో మెరుస్తోంది. తర్వాత హంసిక కాళ్ళ వంక చూశాడు. గడియారం వంక చూశాడు. పన్నెండుకు అయిదు నిమిషాలు.

"పెట్టెయ్," అన్నాడు. "ముందు పాదం సంగతి చూడు. కారు సంగతి నేను చూసుకుంటా."

కాగితంలో "క్షతగాత్రులకు సంబంధించినవారు" అన్న చోట నేను సంతకం పెట్టాను. నా సంతకం ఎప్పుడూ వంకరే. ఆ రోజు ఇంకా వంకరపోయింది. "ప్రమాదము జరిగిన మాట వాస్తవమేనా?" అని పరంజ్యోతిగారు అడిగారు.

"మీటరు చెప్పింది గదయ్యా," అన్నాను. "నేనెవర్ని కాదంటానికి?"

ఆయన మా ఆయన వైపు తిరిగి, "మీ భార్య విద్యావంతురాలు" అన్నారు.

పన్నెండూ పదికి అంబులెన్సు వచ్చింది. అందులో వచ్చిన నర్సమ్మాయి హంసికను చూసి, నన్ను చూసి, గీత కూడా పడని ఆ కారును చూసి, ఏదో అడగబోయింది. "తర్వాత చెప్తానమ్మా, ముందు పోనీ" అన్నాను. క్షతగాత్రులను తీసుకుపోవడానికి కారు దిగినట్టు కాగితం అక్కర్లేదని వాచ్‌మన్ గేటు బార్లా తీశాడు. సైరన్ కూతకు దారిలో లారీలు పక్కకు తప్పుకున్నాయి. మెత్తటి పరుపు మీద హంసిక పైనున్న నీలం దీపాన్ని చూస్తూ బొటనవేలు నోట్లో పెట్టుకుంది. ఆ ముప్ఫై కిలోమీటర్లూ నేను దాని పట్టీల కింద అరచేతులు పెట్టుకునే ఉన్నాను.

ఒంటిగంటకు పది నిమిషాలుండగా డాక్టరమ్మ గదిలో ఉన్నాం. "అంబులెన్సులో వచ్చారేంటమ్మా?" అని అడిగింది. చెప్పటం మొదలుపెట్టాను. సగం విని ఆపమంది. పాత పట్టీలు నానబెట్టి విప్పింది. పాదాన్ని బొటనవేలితో ఒత్తి, అటు తిప్పి, ఇటు తిప్పి, కళ్ళజోడు పైకి తోసి దగ్గరగా చూసింది.

"నిలబడింది," అంది. "ఇంకొక్క పట్టీ. వచ్చే గురువారం. అంతే."

అంబులెన్సు కాగితం మీద మాత్రం ఆమె ఉన్నదున్నట్టే రాసింది. పుట్టుకతో వంకరగా ఉన్న పాదాలు ఇప్పుడు సరైన దిశలో ఉన్నాయి, ప్రమాదపు గాయాలేవీ లేవు అని.

నాలుగింటికి అదే అంబులెన్సు మమ్మల్ని ఆఫీసు దగ్గర దింపేసరికి ఆ కాగితం నకలు మాకంటే ముందే చేరింది. పరంజ్యోతిగారు గుమ్మంలో ఎదురొచ్చారు. "వంకరగా ఉన్న పాదములు ప్రమాదమునకు పిమ్మట తిన్ననైనవట! మీటరు విధానము వల్ల కలిగిన తొలి ఆరోగ్య ప్రయోజనము ఇదియే. పైకి పంపుచున్నాము" అన్నారు. కూలిన గోడకు సున్నం కొడుతున్నారు. కొత్త గోడ వచ్చేదాకా పాతది బాగుండాలట.

పొద్దుటినుంచీ కారు దగ్గరే ఉండిపోయిన మా ఆయన తాళం చేతిలో పట్టుకుని అడిగాడు. "తుక్కును ఎట్టా తీసుకుపోవాలి సార్?"

"తుక్కు తనంతట తాను కదలరాదు. లాగించుకుని పోవలెను."

పక్కనే షెడ్డు కాబట్టి మస్తాన్ తన లాగుడు లారీ తెచ్చాడు. దాని మీటరు ఆరేళ్ళ కిందటే చచ్చింది. ముల్లు ఎప్పుడూ సున్నా మీదే. శరభయ్య తల దూర్చి చూసి, "ఆగి ఉన్న వాహనం. అభ్యంతరం లేదు" అని రాసి ఇచ్చాడు. ఆగి ఉన్న లారీ నుజ్జునుజ్జయిన కారును కట్టుకుని గేటు దాటింది.

మేం కారులోనే కూర్చున్నాం. మా ఆయన అలవాటు కొద్దీ స్టీరింగు పట్టుకున్నాడు.

"వచ్చే గురువారానికి ఏదోటి చూస్తా," అన్నాడు. "మస్తాన్ లారీ ఉంది. దాన్ని ఆపేవాడు లేడు."

నాకు నవ్వొచ్చింది. ఆ రోజు మొదటిసారి. కొత్త పట్టీ వేశాక వేళ్ళకు రక్తం ఆడుతోందో లేదో గంట గంటకూ చూసుకోమని డాక్టరమ్మ చెప్పింది. హంసిక పట్టీ చివర బయటికి కనపడే బొటనవేలిని గోటితో మెల్లగా నొక్కాను. తెల్లబడింది. వదిలాను. కాసేపు తెల్లగానే ఉండిపోయింది. తర్వాత గోరు అంచు నుంచి ఎరుపు నెమ్మదిగా పాకి, వేలంతా నిండింది.

"ఎట్టా ఉంది?" అన్నాడు మా ఆయన ముందుకే చూస్తూ.

"చూశాను," అన్నాను. "బాగుంది."